ఎరవు తెచ్చిన గొడ్డలి
(రేడియో ప్రసంగ పాఠం)

ఈ ఉదయం ఇంటర్ ముగించుకొన్న యౌవనులతోను, వారి తల్లిదండ్రులతోను కొద్దిసేపు మాట్లాడాలని ఆశపడుచున్నాను. మన ధ్యానభాగము రాజులు రెండవ గ్రంథము 6వ అధ్యాయము, మొదటి ఏడు వచనములు. ఈ ప్రసంగం అయ్యాక బైబిలు తెరచి మీరే చదువుకొనండి.

ఎలీషా ప్రవక్త యొద్ద నేర్చుకొనుచున్న శిష్యులకు ఉన్న స్థలం ఇరుకైంది. కొత్త నివాసం కట్టుకొందామని యొర్దాను నది దగ్గరకు వెళ్లి మ్రానులు నరుకుచున్నారు. అంతలో ఒకని గొడ్డలి ఊడి నీటిలో పడింది. అతడు కేక వేశాడు. తన సొంత గొడ్డలి అయితే పోయిందని ఊరుకొనేవాడేమో. కాని అది ఎరవు తెచ్చినది.

ప్రియ సోదరుడా, సోదరీ, చదువుకొనే పిల్లవాడు ఎరవు తెచ్చిన వస్తువును పోగొట్టుకొన్నప్పుడు వేసే కేక నేను ఒకసారి ఫోనులో విన్నాను.

మా సంఘంలో ఒక తండ్రి బస్సు కండక్టరుగా పనిచేశాడు. ఆయన కుమారునికి చిన్నప్పటినుండి పైలట్ కావాలని కోరిక. ఒక ఆదివారం ఆరాధన తరువాత ఆయన నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, అబ్బాయి పైలట్ ట్రైనింగ్‌కి అప్పు తీసుకొంటున్నాం, ప్రార్థన చేయండి" అన్నాడు. నేను తలమీద చేయి ఉంచి ప్రార్థన చేశాను. ఎంత అప్పు, ఎంత వడ్డీ, ఎలా తీరుస్తారు అని ఒక్క మాట అడగలేదు. ఆ సంగతి నేడు మీ ఎదుట ఒప్పుకొనుచున్నాను.

వారు ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టారు. పి.ఎఫ్. డబ్బు తీశారు. కూతురి పెండ్లికని వేసుకొన్న చీటీ కూడా పాడుకొన్నారు. అబ్బాయి శిక్షణ మొదలైంది. విమానాలు మరమ్మతులో ఉండి కొన్నాళ్లు, వాతావరణం బాగుండక కొన్నాళ్లు ఆలస్యమైంది. గంటలు ముందుకు సాగకపోయినా హాస్టలు ఖర్చు ఆగలేదు. 130 గంటల దగ్గర డబ్బు అయిపోయింది. ఇంట్లో చెప్పడానికి భయపడి, బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నాన్న ఫోను చేస్తే, "అంతా బాగానే జరుగుతోంది నాన్నా" అన్నాడు. ఎనిమిది నెలలు అలాగే అన్నాడు.

ఈ చదువుకు అయ్యే ఖర్చు ఎంతో మీకు తెలియాలి. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు విమానం నడిపి ఉండాలి. ఈ రోజుల్లో దానికి స్కూలును బట్టి సుమారు 40 నుండి 60 లక్షల రూపాయలు అవుతుంది. పెద్ద విమానం నడపాలంటే ఆ విమానానికి సంబంధించిన టైప్ రేటింగ్ కూడా కావాలి, దానికి మరికొన్ని లక్షలు. 40 లక్షలు రూపాయి వడ్డీకి తెచ్చామనుకొందాం. నెలకు వడ్డీయే 40 వేలు. రెండేళ్ల చదువులో ఏమీ కట్టకపోతే వడ్డీ 9 లక్షల 60 వేలు. అదంతా అసలులో కలిపి పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 71 వేలు. మొత్తం 85 లక్షలు దాటుతుంది. లైసెన్సు వచ్చిన మరునాడే ఉద్యోగం వస్తుందనే హామీ లేదు. ఉద్యోగం వచ్చినా, 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ విమానాలు ఆగిపోయినప్పుడు అనుభవమున్న పైలట్లే రోడ్డున పడ్డారు.

పేదవారు ఈ కోరిక కోరకూడదని నేను చెప్పుట లేదు. అమెరికాలో బెస్సీ కోల్‌మన్ అనే నల్లజాతి యువతి పత్తి చేలలో పనిచేసిన కుటుంబంలో పెరిగింది. ఆ దేశపు విమాన పాఠశాలలు ఆమెను చేర్చుకోలేదు. ఆమె షికాగోలో మంగలి షాపులో గోళ్లు తీర్చిదిద్దే పని చేస్తూ డబ్బు దాచుకొంది, ఫ్రెంచి భాష నేర్చుకొంది. కొందరు పెద్దలు సహాయం చేశారు. ఫ్రాన్సు వెళ్లి 1921లో లైసెన్సు సంపాదించింది. కోరిక గొప్పదే. అయితే ఆమె దానికి వెల కట్టుకొని బయలుదేరింది.

లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు గోపురం కట్టదలచినవాని సంగతి చెప్పాడు. వాడు ముందు కూర్చుండి లెక్క చూచుకోవాలని ఆయన మాట. శిష్యుడై ఆయనను వెంబడించుటకు అయ్యే వెలను గూర్చి ప్రభువు ఆ మాట చెప్పాడు. అంత గొప్ప సంగతికే లెక్క చూచుకొమ్మన్నవాడు, అప్పు కాగితం మీద సంతకానికి లెక్క అక్కరలేదంటాడా? లెక్క చూచుకొనుట అవిశ్వాసం కాదు.

కనుక సంతకానికి ముందు ఇంటిల్లిపాదీ కూర్చొండి. ముందుగా వైద్య పరీక్ష చేయించుకొని, పైలట్‌గా పనికివస్తారని తేలాకే ఫీజు కట్టండి. ఫీజంతా ఒకేసారి ఇచ్చివేయక, ఎగిరిన గంటలను బట్టి వాయిదాలలో కట్టుకొనే వీలుందేమో అడగండి. ఆలస్యానికి, మరల రాయవలసిన పరీక్షలకు కొంత సొమ్ము ముట్టకుండా ఉంచండి. ఉద్యోగం రెండేళ్లు రాకపోతే కిస్తీ ఎవరు కడతారో పేరు పెట్టి రాసుకోండి. అన్నిటికంటె ముఖ్యముగా, ఎవరి సొమ్ము పోతుందో వారిని అడగండి.

తిరిగి యొర్దాను ఒడ్డుకు వెళ్దాం. కేక వేసిన శిష్యుని ప్రవక్త గద్దించలేదు. అది ఎక్కడ పడిందని అడిగాడు. అతడు ఆ స్థలం చూపించాడు. అప్పుడే ఇనుము తేలింది. ఆ రాత్రి ఆ అబ్బాయి ఏడుస్తూ ఫోను చేసినప్పుడు నేనూ అదే అడిగాను: "ఎక్కడ పడింది, ఎంత పడింది?" మరుసటి వారం వారి ఇంట్లో కూర్చొని ఒక నోటుపుస్తకంలో మొత్తం రాశాము. తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. చెల్లెలే ముందు నోరు తెరిచింది: "అన్నయ్యా, చీటీ సంగతి నన్ను ముందే అడిగి ఉంటే నేనే ఇచ్చేదాన్ని కదా."

ఊరిలో ఉన్న కొద్ది స్థలం అమ్మి ముందు మూడు రూపాయల అప్పు తీర్చారు. అబ్బాయి నేడు ఒక విమానాశ్రయంలో నేలమీది ఉద్యోగం చేస్తూ బ్యాంకు కిస్తీ కడుతున్నాడు. మిగిలింది దాచుకొని గంటలు పూర్తిచేసుకొంటున్నాడు. లైసెన్సు ఇంకా రాలేదు. కాని ఇంట్లో అబద్ధం లేదు.

ప్రియులారా, ఒక సంగతి గమనించండి. నీటిమీద తేలినంత మాత్రాన ఆ గొడ్డలి అతని సొంతం కాలేదు. అది అప్పటికీ ఎరవుదే, తిరిగి ఇయ్యవలసినదే. దేవుని సహాయం మనలను అప్పు ఎగవేయువారిగా కాదు, తీర్చువారిగా చేస్తుంది. నేడు మీ గొడ్డలి ఏ నీటిలోనైనా పడి ఉంటే, సాయంత్రం కాకముందే మీ ఇంటివారికి ఆ స్థలం చూపించండి.

ప్రార్థన చేసుకొందాం. పరలోకపు తండ్రీ, చదువు కొరకు అప్పు చేసిన ప్రతి ఇంటిని జ్ఞాపకం చేసుకొనుము. లెక్క చూచుకొనే జ్ఞానమును, నిజం చెప్పే ధైర్యమును, విని గద్దించక చేయి చాపే మనస్సును మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.