బాతు కరస్ ఒడ్డున వారం రోజులు

సముద్రాన్ని చూచి సంతోషించే భాగ్యం నాకు ఎనిమిదవ ఏటనే తప్పిపోయినది. 1977 నవంబరు 19వ తేదీ తుపానులో దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు మా నాయనమ్మ పోయినది, పాకలోని పశువులన్నీ పోయినవి. నన్ను ఎవరో ఒక మేడ మీదికి ఎక్కించినారు. నాటినుండి ఇంటిల్లిపాది సముద్రస్నానానికి బయలుదేరితే నేను ఏదో పని కల్పించుకొని ఇంటనే ఉండిపోయేవాణ్ణి. అట్టివాణ్ణి నిరుడు జావా ద్వీపపు దక్షిణ తీరాన ఒక పల్లెలో వారం రోజులు కడలి ఎదుట కూర్చుండి వచ్చినాను. ఆ సంగతి ఈ పూట శ్రోతలకు మనవి చేస్తాను.

పల్లె పేరు బాతు కరస్. బాతు అంటే మన చెరువులో ఈదే బాతు కాదు. వారి భాషలో రాయి. మా అమ్మాయి ఉద్యోగరీత్యా జకార్తాలో ఉంటున్నది. సెలవు దొరికినప్పుడల్లా ఆ పల్లెకు పోయి, పలక మీద నిలుచుండి కెరటాలపై జారే ఆట నేర్చుకొంటున్నదని తెలిసినప్పుడు, నిజం చెప్పవలెనంటే, నాకు కోపమే వచ్చినది. "నాన్నగారూ, ఒక్కసారి వచ్చి చూడండి. చూచిన తరువాత వద్దంటే మానివేస్తాను" అన్నది. ఆ మాట మీద బయలుదేరినాను.

జకార్తా నుండి బందుంగుకు 2023లో ప్రారంభమైన రైలు, గంటకు 350 కిలోమీటర్ల వేగాన, ముప్పావు గంటలో మమ్మల్ని చేర్చినది. అక్కడినుండి దక్షిణ తీరానికి కారులో ఒక పగలంతా పట్టినది! దారి పొడుగునా కొండలు, మెట్లు మెట్లుగా వరిచేలు. బంజర్ నుండి చిజులాంగ్ వరకు డచ్చివారి కాలాన వేసిన రైలుదారి ఒకటి ఈ సీమలో ఉండేది. 1980 తరువాత మూతబడినది. ఆ రైలు ఆగిపోవడం వల్లనే ఈ పల్లె ఇంత నిమ్మళంగా మిగిలినదేమో. పంగందరన్ పట్టణం దాటి పడమరగా ముప్పది కిలోమీటర్ల పైచిలుకు పోతే ఊరు వచ్చినది.

అక్కడివారు సుండా జాతివారు, ముస్లిములు. తెల్లవారుజామున మసీదు పిలుపు, ఆ వెనుక ఇరుప్రక్కల వెదురు బాదులు కట్టిన చేపల పడవల చప్పుడు. అంతకు మించి సందడి లేదు. ఇండొనేషియా భాషలో పల్లెను 'దేశ' అంటారు, అపాయాన్ని 'బహయ' అంటారు. మన దేశమూ, మన భయమూ అక్కడికి పోయి ఇట్లా అర్థాలు మార్చుకొన్నవి.

ఈ ఆటను ఇండొనేషియాకు తెచ్చినవాడు రాబర్ట్ కోక్ అనే అమెరికా దేశస్థుడు. 1936లో బాలి ద్వీపాన కూటా తీరంలో హోటలు పెట్టి, ఆ అలలపై పలక నడిపినాడు. బాలిలో ఇప్పుడు జనసమ్మర్దం చెప్పనలవి కాదు. బాతు కరస్ అల వేరు. దక్షిణాన ఎంతో దూరంలో గాలివానలు లేపిన తరంగాలు మహాసముద్రం దాటి వస్తవి. ఏప్రిలు మొదలు అక్టోబరు దాకా వాటి జోరు హెచ్చు. ఇక్కడ ఒక కొండకొమ్ము నీటిలోనికి చొచ్చుకొని ఉన్నది. అల దానిని ఒరసికొని వంగి, ఒక్కుమ్మడిగా కూలక, ఒక కొస నుండి మరొక కొసకు తాపీగా విరుగుతూ పోతుంది. అందుచేత క్రొత్తవారికి అనువైనది. మా అమ్మాయి పదిమార్లు పడి పదునొకండవసారి నిలిచినది. నేను ఒడ్డున కొబ్బరిబోండాం పట్టుకొని, త్రాగడం మరచి చూచినాను.

మేము దిగిన బస యజమానురాలు నన్ను 'పాక్' అని పిలిచేది. తండ్రి వంటి పెద్దవారికి వారి మర్యాద అది. ఒక సాయంకాలం నేను సముద్రానికి వీపు పెట్టి కూర్చుండటం గమనించి కారణం అడిగినది. దివిసీమ కథ చెప్పినాను. అమ్మాయి తర్జుమా చేసినది. అప్పుడు ఆమె 2006 జూలై 17 మాట ఎత్తినది. ఆ సోమవారం మధ్యాహ్నం మూడు దాటినాక భూమి కదిలినది. చాలామంది గుర్తించనేలేదు. పగులు సముద్రపు అడుగున, లోతు తక్కువ చోట, మెల్లగా సాగినందున నేల మీద అదురు స్వల్పం. నీరు మాత్రం కొండంత కదిలినది. ఆ తీరం పొడుగునా ఆరువందల మందికి పైగా మరణించినారు. ఈమె చంకన బిడ్డతో ఊరి వెనుక గుట్ట ఎక్కినది. ఆ బిడ్డయే ఇప్పుడు మా అమ్మాయికి ఆట నేర్పుతున్న కుర్రవాడు!

"మరి వాణ్ణి నీటిలోనికి ఎట్లా పంపినావమ్మా?" అన్నాను. ఆమె నవ్వలేదు. "నేల కొంచెం ఊగినా సరే, ఆ ఊగడం ఆగకుండా సాగితే పలక వదలి గుట్ట ఎక్కమన్నాను. సైరను కోసం కాచుకోవద్దన్నాను. ముందు అది నేర్పి, తరువాత ఈత నేర్పినాను" అన్నది. 2004 తరువాత మన హైదరాబాదులోనూ, వారి జకార్తాలోనూ సునామీ హెచ్చరిక కేంద్రాలు వెలసినవి. హిందూ మహాసముద్రపు దేశాలకు సమాచారం పంపే కేంద్రాలలో అవి రెండూ ఉన్నవి. కాని ప్రక్కనే పుట్టిన అల వార్త కన్న ముందు వచ్చినా రావచ్చును.

మరునాడు అమ్మాయి, "నాన్నగారూ, మానివేయమంటారా?" అని అడిగినది. "గుట్టకు దారి తెలుసునా?" అన్నాను. తెలుసునన్నది. చూపమన్నాను. ఒడ్డునుండి పైదాకా నడచినాము. నా మోకాళ్ళతో పదమూడు నిమిషాలు పట్టినది. ఆమె పరుగెత్తితే అందులో సగం. పైనుండి చూస్తే అల తెల్లని దారపు పోగువలె ఉన్నది.

"రేపు నన్ను కూడా లేపు, మోకాటి లోతు దాకా వస్తాను" అన్నాను.