స్వెట్టర్ మీద సుంకం: కడుతున్నది ఎవరు?

(అమెరికాలోని మన ఫోరం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వాణిజ్య విధానం అనగానే మనం వీసాల గురించీ, ఔట్‌సోర్సింగ్ గురించీ వాదించుకుంటాం. ఈ పూట ఒంటి మీది బట్టల సంగతి మాట్లాడతాను.

అమెరికా కస్టమ్స్ పట్టికలో అల్లిక బట్టలకు 61వ అధ్యాయం, నేత బట్టలకు 62వ అధ్యాయం. టీషర్టు, బనీను, స్వెట్టర్ అన్నీ 61లోకే వస్తాయి. ఈ పట్టికకు మూలమైన హార్మొనైజ్డ్ సిస్టమ్ 1988లో అమల్లోకి వచ్చింది, అమెరికా 1989లో స్వీకరించింది. మొదటి 6 అంకెలు ఆ పద్ధతి పాటించే దేశాలన్నిటికీ ఒకటే. తర్వాతి 2 అంకెలు అమెరికావి. సుంకం తేలేది అక్కడే.

ప్రోగ్రామర్‌ని కాబట్టి నాకిదంతా ఒక పెద్ద ఇఫ్-ఎల్స్ లాగా కనిపిస్తుంది. అల్లికా, నేతా? ఏ నూలు? మగవాళ్లదా, ఆడవాళ్లదా? గుండీల దగ్గర ఎడమ అంచు కుడి అంచు మీదికి వస్తే మగవాళ్లది. 86 సెంటీమీటర్ల ఎత్తు దాటని పసిపిల్లలదైతే వేరే శీర్షిక. తమాషాగా ఉంది కదా? కానీ ప్రతి ప్రశ్న వెనకా డబ్బుంది.

ఇప్పుడు స్వెట్టర్ల మీద సాధారణ సుంకం చూడండి. పూర్తిగా కాశ్మీర్ ఉన్నితో చేసినదానికి 4 శాతం. 70 శాతం, ఆపైన పట్టు ఉంటే 0.9 శాతం. పత్తికి 16.5 శాతం. పాలిస్టర్, యాక్రిలిక్ లాంటి కృత్రిమ నూలుకు 32 శాతం! అంటే 100 డాలర్ల కాశ్మీర్ స్వెట్టర్ ఓడ దిగితే సర్కారుకు 4 డాలర్లు, 10 డాలర్ల యాక్రిలిక్ స్వెట్టర్ దిగితే 3 డాలర్ల 20 సెంట్లు. పట్టు తొడిగేవాడికి ఒక్క శాతమైనా లేదు, చలికి చవక స్వెట్టర్ కొనుక్కునే కూలివాడికి మూడో వంతు.

రెండు నూళ్లు కలిసి ఉంటే బరువులో ఏది ఎక్కువైతే దాని రేటే. 55 శాతం పత్తి, 45 శాతం పాలిస్టర్ అయితే 16.5. తిరగేస్తే 32. సరిసమానమైతే? పట్టికలో చివర వచ్చే అంకె నెగ్గుతుంది. పత్తి తర్వాత వచ్చేది కృత్రిమ నూలు, కనుక మళ్లీ 32.

2025లో భారతదేశం సరుకు మీద వేసిన అదనపు సుంకాల గురించి పత్రికలు చాలా రాశాయి. అలాంటివి వస్తుంటాయి, మారుతుంటాయి. నేను చెబుతున్నది వాటి అడుగున ఎవరూ పట్టించుకోకుండా ఏళ్ల తరబడి పడి ఉన్న పట్టిక గురించి.

దీన్ని సమర్థించేవాళ్ల వాదన కూడా వినాలి. కరోలినా రాష్ట్రాల్లో నూలు మిల్లులున్నాయి. మధ్య అమెరికా దేశాలు ఒప్పందం ప్రకారం ఆ నూలు కొని బట్టలు కుట్టి పంపితే సుంకం ఉండదు. మామూలు సుంకం తగ్గితే ఆ వెసులుబాటుకు విలువ పోతుందని మిల్లుల భయం. అది వట్టి భయం కాదు, ఆ కార్మికులూ మనలాంటి జీతగాళ్లే. కానీ వాళ్లను ఆదుకునే భారం పేదవాడి స్వెట్టర్ మీదే ఎందుకు పడాలి?

మనకూ ఒక చిక్కుంది. తిరుప్పూరు బనీన్లలో ఎక్కువ భాగం పత్తివే. తమిళనాడు నూలు మిల్లులు కొనే పత్తిలో గుంటూరు, ఆదిలాబాద్ రైతులు పండించిందీ ఉంటుంది. కృత్రిమ నూలు సుంకం ఒక్కటే తగ్గిస్తే పత్తికున్న కాస్త మొగ్గూ పోతుంది. అందుకే నేను కోరేది రెండూ తగ్గించమని: చవక అల్లిక బట్టలకు, అది పత్తి అయినా పాలిస్టర్ అయినా, కాశ్మీర్ కన్నా ఎక్కువ సుంకం ఉండకూడదు.

ఈ పట్టిక రేట్లు మార్చే అధికారం కాంగ్రెస్‌ది. మీ ప్రతినిధికి ఒక ఉత్తరం రాయండి. పౌరసత్వం రానివాళ్లూ రాయవచ్చు, సుంకం వాళ్లూ కడుతున్నారు. ఇంటికెళ్లాక మీ బీరువాలో నాలుగు లేబుళ్లు చదవండి, ఉత్తరంలో ఏం రాయాలో అవే చెబుతాయి.

సెలవు.