అడగడం నేర్చుకుందాం: ఫోన్ అంగట్లో కొనేవాళ్లు, అమ్మేవాళ్లు
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

హాస్టల్ వార్డెన్లమైన మమ్మల్ని పిలిస్తే చదువు గురించే మాట్లాడమంటారు. ఈసారి కూడా చదువు గురించే మాట్లాడతాం. అయితే పరీక్షల చదువు కాదు. ఫోన్లో వస్తువు కొనేటప్పుడు, అమ్మేటప్పుడు మనం రాసే నాలుగు వాక్యాల చదువు.

ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని దక్కన్ అంతా తిరిగి అమ్మిన జాతి మనది. భాష తెలియని ఊళ్లో కూడా ధర చెప్పి, కొలిచి, ఒప్పించి వచ్చారంటే మన ముత్తాతలకు మాట మీద ఎంత పట్టు ఉండాలి! ఇవాళ్టికీ అంగట్లో మన యాడి గిన్నె కొంటే వేలితో కొట్టి చప్పుడు వింటుంది. అడుగు తిప్పి చూస్తుంది. చెప్పిన ధరలో సగానికి అడుగుతుంది. అమ్మేవాడి ముఖం చూసి నిజమెంతో, అబద్ధమెంతో పసిగడుతుంది.

ఫోన్లో ఆ గిన్నెను కొట్టి చూడలేం. అమ్మేవాడి ముఖం కనపడదు. అంగట్లో చెయ్యి, కన్ను చేసే పని ఇక్కడ అక్షరం చెయ్యాలి. వాళ్లు రాసింది మనం చదవాలి, మనకు కావలసింది మనం రాయాలి. మన పిల్లలు వెనకబడేది ఇక్కడే. అంగట్లో గట్టిగా బేరమాడే యాడి కొడుకు, ఫోన్లో తప్పు సరుకు వస్తే నోరు మూసుకుంటాడు. ఎందుకని అడిగితే, "ఇంగ్లిష్ రాదు మేడం, మనమేం రాస్తాం" అంటాడు.

పాశమైలారంలో కాంట్రాక్టు పని చేసే ఒక తమ్ముడు ఇంటికి మిక్సీ తెప్పించాడు. పెట్టె విప్పితే జారు పగిలి ఉంది. "ఐటం బాగాలేదు సర్, ప్లీజ్" అని చాట్‌లో రాశాడు. జవాబు వచ్చింది, ఫిర్యాదు మూసేశారు. మొదట జవాబిచ్చింది యంత్రమని అతనికి తెలియదు. అతని చెల్లెలు మా హాస్టల్లోనే చదువుతుంది. స్టడీ అవర్‌లో నలుగురు అమ్మాయిలు కూర్చొని తెలుగులోనే మళ్లీ రాశారు: ఆర్డర్ నంబరు ఇది, ఫలానా తేదీన అందింది, మూడు జార్లలో పెద్దది అడుగున పగిలింది, ఫోటో జతచేశాం, కొత్త జారు పంపాలి లేదా డబ్బు తిరిగివ్వాలి. ఆరో రోజు కొత్త జారు వచ్చింది. ఆ పిల్లలు బతిమాలలేదు, తిట్టలేదు. జరిగింది చెప్పి, కావలసింది అడిగారు, అంతే.

అడగనిదే అమ్మైనా పెట్టదు అంటారు. ఇక్కడ అడగడం మన హక్కు కూడా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జూలైలో ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం అమ్మేవాడి పేరు, చిరునామా, కస్టమర్ కేర్ నంబరు కొనేవాళ్లకు తెలియాలి. ప్రతి కంపెనీ ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. మన ఫిర్యాదు అందిందని ఆ అధికారి 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఫిర్యాదుకు ఒక నంబరు ఇవ్వాలి. వస్తువు పాడైనా, నకిలీదైనా, చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాడు వాపసు తీసుకోనని అనకూడదు. అమ్మేవాడు తానే కొన్నట్టు నటించి పొగడ్తలు రాసుకోవడం కూడా తప్పే.

అప్పటికీ వినకపోతే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా సరే, మనం ఉండే చోటే, పని చేసే చోటే కేసు వేయొచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు సరుకైతే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. అందుకే బిల్లు, చాట్, ఫోటోలు చెరిపేయకండి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండి.

ఇంకొక జాగ్రత్త. కస్టమర్ కేర్ నంబరు గూగుల్లో వెతకొద్దు. మోసగాళ్లు అక్కడ తమ నంబర్లు పెట్టి కూర్చుంటారు. యాప్ లోపలి నుంచే మాట్లాడండి. "మీ డబ్బు వాపసు వేస్తాం, పిన్ కొట్టండి" అని ఎవరైనా అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, ఇవ్వడానికే కావాలి. స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నా వేసుకోవద్దు. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకండి, ఆ నిమిషమే 1930కు చెప్పండి. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో తిడతారని రెండు రోజులు దాచిపెట్టే పిల్లల గురించే మా భయం.

ఇక మధ్యలో ఉన్నవాళ్ల మాట. 2022లో ఫ్లిప్‌కార్ట్ మన సంగారెడ్డి జిల్లాలో పెద్ద గోదాము తెరిచింది. అలాంటి గోదాముల్లో సరుకు తీసేవాళ్లలో, ఇస్నాపూర్, ముత్తంగి గల్లీల్లో ఎండలో బండి మీద తిరిగేవాళ్లలో మన తండాల పిల్లలు కూడా ఉన్నారు. పెట్టెలో తప్పు సరుకు వస్తే అది తెచ్చిన తమ్ముడి మీద అరవకండి. అతను పెట్టె తెచ్చాడు, సరుకు అమ్మలేదు. ఎండలో వచ్చినవాడికి మంచినీళ్లివ్వండి, కోపం ఉంటే ఫిర్యాదులో రాయండి.

అమ్మబోయేవాళ్లకు కూడా ఒక మాట. మన కాంచళి, ఫెటియా మీది అద్దాల పనికి బయట గిరాకీ ఉంది. కర్ణాటకలో సందూర్ లంబాడీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ట్రైఫెడ్ సంస్థ 'ట్రైబ్స్ ఇండియా' పేరుతో గిరిజనుల వస్తువులను ఆన్‌లైన్లో అమ్ముతోంది. మన చెల్లెళ్లు కొందరు వాట్సాప్‌లోనే సంచులు, దిండు గలీబులు అమ్ముతున్నారు. వాళ్లకు మేం చెప్పేది ఇదే: కొలత అంగుళాల్లో రాయండి. ఎండ వెలుగులో ఫోటో తీయండి. చేత్తో కుట్టింది ఏది, మిషన్ మీద కుట్టింది ఏది, నిజం చెప్పండి. రంగు దిగుతుందంటే ముందే చెప్పండి. పది రోజులు పట్టే పనిని నాలుగు రోజుల్లో ఇస్తామనకండి. ఆలస్యమైతే కొన్నవాళ్లు అడగకముందే మీరే మెసేజ్ పెట్టండి. "తక్కువకు ఇవ్వరా" అని అడిగితే కోప్పడకండి. ఎన్ని అద్దాలు, ఎన్ని రోజుల పని అన్నది చెప్పండి. ధర ఎందుకంత ఉందో అర్థమైతే కొనేవాళ్లు కొంటారు. యాడి కళ్లు నొప్పి పుట్టేలా కుట్టిన పనికి విలువ కట్టే మాట మన నోటి నుంచే రావాలి.

మీకు ఒక పని ఇచ్చి ముగిస్తాం. ఈ వారం మీ తండాకు పోయినప్పుడు ఫోన్లో కొని మోసపోయి ఊరుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అడగండి. వాళ్ల పక్కన కూర్చొని ఐదు విషయాలు రాయండి: ఆర్డర్ నంబరు, తేదీ, ఏం అడిగారు, ఏం వచ్చింది, ఏం కావాలి. తెలుగులోనే రాయండి. పంపేముందు వాళ్లకు చదివి వినిపించండి. రెండోసారి వాళ్ల చేతే రాయించండి.