వాకిటి కన్ను

తిరుపతిలో ఇంటి తలుపు తట్టుటకు వేళాపాళా లేదు. కొండకు పోవలసిన బంధువులు రైలు దిగి రాత్రి రెండు గంటలకు వచ్చి గడియ చప్పుడు చేయుదురు. దర్శనము చేసికొని, తలనీలాలిచ్చి, లడ్డు ప్రసాదముతో మరునాడు మధ్యాహ్నము మరల వత్తురు. వీరు గాక బంధువుల బంధువులు, పుట్టినూరివారు, "ఫలానావారు మీ ఇంట దిగుమన్నారండీ" అని సంచి చేతపట్టుకొని నిలుచువారు వేరు. తలుపు తీసి, ముఖము చూచి, "రండి" అనుట ఈ ఊరి మర్యాద. ఆ మర్యాదను మానుకొనుడని మేము చెప్పబోవుట లేదు. తలుపు తీయకముందే ముఖము చూపు ఉపకరణమొకటి నేడు ఇంటింటికి వచ్చుచున్నది కనుక దానిని గూర్చి నాలుగు మాటలు ముచ్చటించెదము.

బజారులో దానిని వీడియో డోర్‌బెల్ అందురు. మన కాలింగ్ బెల్ మీటకు ఒక చిన్న కెమెరా, ఒక మైకు, ఒక స్పీకరు చేర్చినచో అదియే ఇది. మీట నొక్కగానే వచ్చినవారి రూపు ఇంటిలోని తెరమీదనో, చేతి ఫోనులోనో కనబడును. తలుపు మూసియుండగనే వారితో మాటాడవచ్చును.

ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. న్యూయార్కు నగరమున క్వీన్స్ ప్రాంతమున మేరీ వాన్ బ్రిట్టన్ బ్రౌన్ అను నర్సు ఉండెను. ఆమె పనివేళలు ఒక తీరు. ఎలక్ట్రానిక్ పని తెలిసిన భర్త పనివేళలు మరొక తీరు. ఒంటరిగా ఇంటనున్న రాత్రులలో తలుపు చప్పుడైనచో భయము. పోలీసులను పిలిచినను వారు వచ్చుసరికి ఆలస్యము. 1966లో ఆ దంపతులు ఒక యంత్రమునకు పేటెంటు కోరిరి. 1969 డిసెంబరు 2వ తేదీన అది లభించినది. తలుపునకు వేర్వేరు ఎత్తులలో రంధ్రములు, వాని వెనుక పైకి క్రిందికి జరుగు కెమెరా, లోపలి గదిలో టెలివిజను తెర, బయటివారితో మాటాడుటకు మైకు, దూరమునుండియే గడియ తీయుటకు ఒక మీట. నేటి డోర్‌బెల్‌లోని ముఖ్యాంగములలో పెక్కు అందులోనే కలవు. ఇంటిలోపల ఒంటరిగా నున్న మనిషి కొరకు అది పుట్టినదని శ్రోతలు గమనింపగోరెదము. ఎక్కడనో ఉన్నవారి కొరకు కాదు.

మన ఇండ్లలో జరుగుచున్నది దీనికి తలక్రిందులు. కుమారుడు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉండును. పండుగకు వచ్చినప్పుడు తల్లి క్షేమము కోరియే డోర్‌బెల్ కొనును, పాత బెల్లు ఊడదీయించి దీనిని బిగింపించును, తన ఫోనుకు కలుపుకొని వెడలిపోవును. అవ్వ చేతిలోనిది నంబర్లు నొక్కు చిన్న ఫోను. తరువాత ఎవరో వచ్చి మీట నొక్కుదురు. గంట మ్రోగునది బెంగుళూరులో. తలుపు ఉన్నది కోర్లగుంటలో. కుమారుడు ఆఫీసు పనిలో నుండి చూడడు. వచ్చినవాడు విసిగి తలుపు బాదును. అవ్వ ఎప్పటివలెనే లేచి వచ్చి తలుపు తీయును. ఇంత వ్యయము చేసి పాత బెల్లు చేసెడి పనినికూడ పోగొట్టుకొనినట్లయినది గదా!

కనుక అంగడికి పోకముందు వేసికొనవలసిన ప్రశ్న కెమెరా ఎంత స్పష్టమైనదని కాదు. పగలు పదకొండు గంటలకు ఆ ఇంటిలో ఎవరుందురు, వారికి ఏమి వినబడును, ఏమి కనబడును, ఏ మీట నొక్కగలరు అనునదియే ప్రశ్న. వృద్ధులు మాత్రమే ఉండు ఇంటికి మేము మొదట చెప్పునది పాతరకపు తీగల వీడియో డోర్‌ఫోను. బయట మీట, కెమెరా. లోపల గోడకు తగిలించిన ఏడంగుళాల తెర. రెండింటికి నడుమ కేబులు. ఇందులో సాదా రకమునకు ఇంటర్నెట్టు అక్కరలేదు, ఫోను అక్కరలేదు, నెలనెలా చందా లేదు. గంట మ్రోగగానే తెర తానే వెలుగును; ఒక్క మీట నొక్కి "ఎవరు నాయనా?" అని అడుగవచ్చును. గోడలో కేబులు లాగవలసి వచ్చుటయే దీనిలోని కష్టము. క్రొత్తగా ఇల్లు కట్టువారు గోడలు పూయకముందే గేటునుండి హాలువరకు ఒక పైపు వేసియుంచుట మంచిది.

ఫోనులో చూడదగిన వై-ఫై రకమే కావలెనన్నచో, లోపల మ్రోగు విడి గంటపెట్టెను దానితోపాటు తప్పక కొనవలెను. దానిని అవ్వ కూర్చుండు చోటనే, వంటింటి చప్పుడులో కూడ వినబడునట్లు పెట్టవలెను. ఫోనుకు వచ్చు కబురు డోర్‌బెల్ నుండి ఇంటి రూటరుకు, అటనుండి కంపెనీవారి యంత్రములకు, అక్కడనుండి మరల ఫోనుకు రావలసియుండుటచే కొన్ని క్షణములు ఆలస్యమగును. దూరముననున్న కుమారుడు తెరలో చూచి మాటాడగలుగుట మేలే. "మేము ఊరిలో లేము" అని మాత్రము అతడు అనరాదు.

ఇక విద్యుత్తు సంగతి. ఇది ప్రాణములతో కూడిన విషయము కనుక కొంచెము నిలిచి చెప్పెదము. అమెరికాలోని కాలింగ్ బెల్లు సాధారణముగా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ద్వారా 16 నుండి 24 వోల్టులతో పనిచేయును. అక్కడి తీగల డోర్‌బెల్లులు ఆ లెక్కకు చేసినవి. మన ఇండ్లలో చాలవరకు వాకిటి మీటకు వచ్చునది నేరుగా 230 వోల్టుల కరెంటు. ప్రేమతో అక్కడివారు పంపిన పరికరమును మన పాత మీట తీగలకు తగిలించినచో అది కాలిపోవును. తగిలించువానికి, పిమ్మట మీట నొక్కువానికి షాకు తగులు ప్రమాదము కలదు. తగిన ట్రాన్స్‌ఫార్మరో, అడాప్టరో లేక బిగింపరాదు. పెట్టెమీద వ్రాసిన వోల్టులను చదివి చెప్పగల ఎలక్ట్రీషియనునే పిలువవలెను. మెయిన్ ఆపిన పిదపనే మీట విప్పవలెను.

బ్యాటరీ రకమునకు ఈ చిక్కు లేదు. నెలల తరబడి నిలుచునని కంపెనీలు చెప్పును గాని, జనసంచారము గల వీధిలో అది ఊరక మేలుకొనుచునే యుండుటచే త్వరగా ఖర్చగును. పైగా మా ప్రాంతపు ఎండ సామాన్యమైనది కాదు. ఇట్టి పరికరములు చాలవరకు 45, 50 డిగ్రీల వేడి వరకు తాళునని వ్రాసియుందురు. మే నెలలో నీడలోనే 40 దాటు ఊరిలో, పడమటి వాకిట నేరుగా ఎండ తగులు గోడమీది నల్లని ప్లాస్టిక్కు పెట్టె ఎంత వేడెక్కునో ఊహింపవచ్చును. అట్టి వాకిలికి పైన చిన్న చూరు కట్టించిన తరువాతనే డోర్‌బెల్ మాట. వానకు కూడ అదియే రక్షణ. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు చూచిన వారికి ఈశాన్య ఋతుపవనమును గూర్చి మేము చెప్పనక్కరలేదు. పెట్టెమీద ఐ.పి. 65 వంటి అంకె ఉన్నదేమో చూడుడు: మొదటి అంకె ధూళిని, రెండవది నీటిని తాళు శక్తిని తెలుపును.

తిరుమల కొండమీద బాలాజీనగరు వంటి చోట కాపురముండువారికి ఎండబాధ తక్కువ. అక్కడ వేరు బాధలు. చలికాలపు మంచులో కెమెరా రాత్రి వెదజల్లు కంటికి కనబడని కాంతి మంచు బిందువులకే తగిలి వెనుకకు వచ్చును. తెరమీద తెల్లని పొగ తప్ప ముఖము కనబడదు. వాకిట మామూలు దీపమొకటి వెలుగుచుండుటయే దీనికి ఉపాయము. రెండవ బాధ కోతులు. అవి దేనిని లాగి చూడవు? అంటించు రకము అక్కడ పనికిరాదు, గోడకు మరలతో బిగించునదే కావలెను.

చోటు ఎన్నుకొనుటలో తొందర కూడదు. వచ్చినవారు మొదట నిలుచునది ఎక్కడ? గేటు ఎప్పుడును మూసియుండు ఇంట గేటు కంబమునకు, వీధిలోనికే తలుపు తెరచుకొను ఇంట తలుపు ప్రక్కను. ఎత్తు నేలనుండి నాలుగడుగులు చాలును. అంతకంటె పైన పెట్టినచో తలలు కనబడును గాని గడపవద్ద పెట్టిన పార్సెలు కనబడదు. ఇనుప గ్రిల్లు వెనుక నుంచరాదు. రాత్రివేళ ఆ కాంతి గ్రిల్లుకే తగిలి చిత్రము తెల్లబడును. వాకిలి నీడగను వీధి ఎండగను ఉన్నచో వచ్చినవాని ముఖము మసిబొమ్మవలె కనబడును. వెలుగునీడలను సరిచూచు శక్తి గల కెమెరాను అడిగి తీసికొనవలెను. పండుగనాటి మామిడి తోరణము కెమెరా యెదుట ఊగుచున్నచో, చిత్రములోని మార్పును బట్టి కదలికను కనిపెట్టు రకము ఆకు ఊగినప్పుడెల్ల ఫోనును లేపును.

వై-ఫై ఆ చోటువరకు వచ్చుచున్నదో లేదో గోడకు రంధ్రము చేయకముందే చూచుకొనవలెను. గోవిందరాజస్వామి ఆలయము చుట్టుప్రక్కల పాత ఇండ్ల మందపు గోడలు దానిని బాగుగ అడ్డగించును. తలుపు మూసి, ఫోనును ఆ చోట పట్టుకొని, లోపలివారితో వీడియోలో మాటాడి చూచిన తెలిసిపోవును. కరెంటు పోయినచో రూటరు కూడ ఆగును కనుక దానిని ఇన్వర్టరు లైనుకు మార్చుకొనవలెను.

ఆ పాత వీధులలో మరొక సంగతి కలదు. ఎదురింటి తిన్నెకు మన గడపకు నాలుగైదు గజముల దూరమైనను ఉండదు. అక్కడ సాయంకాలము ఆడవారు కూర్చుండి మాటలాడుకొందురు, పిల్లలు ఆడుకొందురు. మన భద్రత కొరకు పెట్టిన కన్ను వారి యింటిలోనికి చూడరాదు, మైకు వారి మాటలను వినరాదు. 2021 అక్టోబరులో ఇంగ్లండున ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు ఇట్టి తగవులో తీర్పు చెప్పుచు, డోర్‌బెల్ తీసిన చిత్రముకంటె అది దూరమునుండి ధ్వనిని గ్రహించుటనే ఎక్కువగా తప్పు పట్టినది. మన దేశమున 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టము సొంత గృహావసరములకు వర్తింపదు. ఐనను ఏకాంతము ప్రాథమిక హక్కేయని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో చెప్పియున్నది. కోర్టులదాక ఎందులకు? బిగించిన నాడు ఎదురింటి అక్కయ్యను పిలిచి తెరమీద ఏమి కనబడుచున్నదో చూపుడు. ఆమె వాకిలి కనబడినచో కెమెరాను పక్కకు త్రిప్పుడు, లేదా యాప్‌లో ఆ భాగమును మూసివేయుడు. ధ్వని భద్రపరచుటను ఆపివేయుడు.

చిత్రములు ఎక్కడ నిలువయగుచున్నవో కూడ తెలిసికొనవలెను. డోర్‌బెల్‌లోని కార్డులోనే ఉన్నచో, దొంగ దానిని ఊడబెరికిన నాడు సాక్ష్యము కూడ వానితోనే పోవును. కంపెనీవారి యంత్రములలో ఉన్నచో చందా కట్టవలెను, వారిని నమ్మవలెను. ఆ నమ్మకము సులభమైనది కాదు. రింగ్ అను ప్రసిద్ధ కంపెనీ ఉద్యోగులకు ఖాతాదారుల ఇండ్ల చిత్రములు చూచుటకు వీలుండెనని 2023 మే నెలలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను ఆరోపింపగా, ఆ కంపెనీ 58 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనినది. పాస్‌వర్డును బిగించిన కుర్రవాని చేత పెట్టింపక ఇంటివారే పెట్టుకొనవలెను. ఫోనుకు వచ్చు రెండవ సంకేతము లేనిదే తెరచుకొనని ఏర్పాటు చేసికొనవలెను.

ఎన్ని చెప్పినను ఇది కన్నే గాని గడియ కాదు. బలమైన గడియ, తలుపునకు లోపలి గొలుసు, ముందు ఇనుప గ్రిల్లు లేని ఇంట మొదటి డబ్బు వానికే పెట్టవలెనని మా అభిప్రాయము. ఇల్లు తాళము వేసి ఊరికి పోవువారి అవసరము మరియు వేరు. వారికొరకు ఆంధ్రప్రదేశ్ పోలీసువారు ఎల్.హెచ్.ఎం.ఎస్. అను ఏర్పాటు చేసిరి: ముందుగా యాప్‌లో తెలిపినచో ఇంటిలో కెమెరా అమర్చి, కదలిక కనబడగానే కంట్రోలు రూముకు కబురు చేరునట్లు చేయుట దాని పద్ధతి. మీ పోలీసు స్టేషనులో విచారింపుడు.

ముఖము కనబడినంత మాత్రమున మనిషి తెలియడు. నగలకు మెరుగు పెట్టెదమని వచ్చువాడు చక్కని బట్టలతోనే వచ్చును. గ్యాసువారమని, కరెంటువారమని చెప్పువాడు గుర్తింపుకార్డును కెమెరాకు చూపును గాని, విశాలముగా చూచు ఆ కంటికి సన్నని అక్షరములు అందవు. "అక్కడనే ఉండు నాయనా, ఆఫీసుకు ఫోను చేసి కనుగొందును" అని తలుపు తీయకయే చెప్పుట అవ్వకు అలవాటు కావలెను. మర్యాదకు వెరచి తలుపు తీయు తరము వారిది. బిగించిన దినముననే మనుమడు బయట నిలిచి మీట నొక్కగా, ఆమె లోపలనుండి నాలుగైదుమార్లు బదులు చెప్పి చూడవలెను. పగలొకమారు, దీపాలార్పిన పిదప మరొకమారు.

శుక్రవారము గడప కడిగి పసుపు పూయునప్పుడు చెంబుతో నీళ్ళు దానిమీద చల్లరాదు. మెత్తని పొడిగుడ్డతో కెమెరా అద్దమును తుడిచిన చాలును.