గచ్చిబౌలిలో తొలి నెల

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో సీటొచ్చి, పెట్టే పరుపూ సర్దుకుంటున్న పిల్లలతో నాలుగు మాటలు.

ప్రాంతీయ ఉద్యమాల తర్వాత కేంద్రం తెచ్చిన ఆరు సూత్రాల పథకం పుణ్యమా అని 1974లో పుట్టిన ఈ విశ్వవిద్యాలయం మొదట్లో ఆబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇంట్లో, 'గోల్డెన్ థ్రెషోల్డ్'లో నడిచింది. ఇప్పటి గచ్చిబౌలి క్యాంపస్ చాలా విశాలమైనది. గేటు దగ్గర దిగి నడుస్తూ హాస్టల్ వెతుక్కుందామనుకుంటే కాళ్లు పీకడం ఖాయం. మొదటి వారమే ఓ పాత సైకిలు కొనుక్కోండి. కొత్తదైతే క్లాసులో కూర్చున్నా ధ్యాసంతా తాళం మీదే! పుట్టగొడుగులా నిలబడ్డ బండరాయినీ, చెరువు గట్లనూ ఆ సైకిలే చూపిస్తుంది. చీకటి పడ్డాక మాత్రం పొదల వైపు వద్దు, పాములుంటాయి.

గదిలో పక్క మంచం కేరళవాళ్లది కావచ్చు, ఒడిశావాళ్లది కావచ్చు. తెలుగువాళ్లతోనే తిరిగితే మన వచ్చీరాని ఇంగ్లీషు అక్కడే ఆగిపోతుంది. మెస్సులో పప్పు చప్పగా ఉందా? ఆవకాయ సీసా మూత తీయండి, చుట్టూ ఎవరు చేరతారో చూడండి.

ఇక చదువు. ఇక్కడ సెమిస్టర్ మధ్యలోనే ఇంటర్నల్ పరీక్షలు మీద పడతాయి. చివరి వారం గైడు తిరగేసి గట్టెక్కే అలవాటు ఇక్కడ చెల్లదు. పాఠం అర్థం కాకపోతే మాస్టారి గదికెళ్లి అడగండి, మొహమాటం వద్దు.

ర్యాగింగ్ పేరుతో ఎవరైనా వేధిస్తే ఓర్చుకోనక్కర్లేదు. దేశమంతటికీ ఒకటే ఉచిత ఫోన్ నంబరు ఉంది, రాసుకోండి: 1800-180-5522.