చీపురుపుల్ల నేర్పిన పాఠం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

"బెంగళూరులో ఏం చేస్తావురా?" అని రామసముద్రంలో అడిగితే "రబ్బరు ముక్కలో కాలువలు తీస్తా" అంటాను. నవ్వుతారు. నిజం అదే. అరచేతిలో పట్టే సిలికోన్ రబ్బరు ముక్కలో మిల్లీమీటరులో పదో వంతు కాలువ. అందులో నెత్తురు పారించి, రక్తనాళంలో ఏం జరుగుతుందో చూస్తాం. దీన్నే మైక్రోఫ్లూయిడిక్ చిప్ అంటారు.

1998లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం పీడీఎంఎస్ అనే ఈ రబ్బరుతో చిప్పులు త్వరగా చేసే పద్ధతి చూపింది. కాంతితో అచ్చు తీసి, దానిమీద రబ్బరు పోస్తారు. అచ్చు గోడలు నిలువుగా ఉంటాయి గనుక కాలువ దీర్ఘచతురస్రంగా వస్తుంది. మన నాళాలేమో గుండ్రం. మూలలుంటే అక్కడ పారుదల మందగిస్తుంది, గోడకు తగిలే ఒరిపిడి చోటుకొక తీరుగా ఉంటుంది.

ఏడాదిపాటు అలాంటి కాలువల్లోనే కొలతలు తీశాను. గుండ్రటి నాళం లెక్కతో కలవలేదు. కలవనివి తీసేసి వ్యాసం పంపేద్దామనిపించింది. ఆ రాత్రి మన సైన్సు సారు గుర్తొచ్చారు. తొమ్మిదో తరగతిలో లోలకం ప్రయోగానికి పక్కవాడి అంకెలు చూసి రాస్తే, రికార్డు తిరిగిచ్చి "వచ్చింది రాయి నాయనా, రావాల్సింది కాదు" అన్నారు. వ్యాసం పంపలేదు.

మరి గుండ్రంగా చేసేదెట్లా? చిన్నప్పుడు చెరువు బంకమట్టితో బండి చక్రాలు చేసి, చీపురుపుల్ల గుచ్చి లాగేవాళ్లం కదా! అదే ఉపాయం. నున్నటి సన్న తీగను బిగువుగా కట్టి, పది పాళ్ల రబ్బరు ద్రవంలో ఒక పాలు గట్టిపరిచే ద్రవం కలిపి, గాలిబుడగలు తీసి చుట్టూ పోస్తాం. 70 డిగ్రీల వేడిలో రెండు గంటలుంచి తీగ లాగేస్తాం. తొందరపడితే చిరుగుతుంది, తీగ గరుకైతే గోడ గీసుకుపోతుంది. చాలా చిప్పులు అట్లాగే పోయాయి. కొమ్మలుగా చీలే కాలువ ఒక్క తీగతో రాదు. రెండు అరగుండ్రటి ముక్కలు పోతపోసి అతికించాలి, అంచు కాస్త తప్పినా పనికిరాదు.

ఇంత తిప్పలు ఎందుకంటే, గొట్టం వ్యాసార్థం సగమైతే అదే ఒత్తిడికి పారేది పదహారో వంతే. నాళం కొంచెం పూడితే గుండెకెంత కష్టమో చూడండి.

బడికి ఒక మైక్రోస్కోపు, నేను చేసిన కొన్ని చిప్పులు తెచ్చాను. అయ్యవార్లకు ఒక్కటే మనవి: బీరువాలో దాచకండి. పిల్లల చేతికివ్వండి. పగిలితే పగలనీండి, వచ్చింది రాయనీండి.