అసలు పుస్తకము, దాని ప్రతి
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)

తల్లిదండ్రులారా,

మన ప్రవేశపు రిజిస్టర్లను కంప్యూటరులోనికెక్కించి, వేరొక ఊర దాని ప్రతి నుంచవలెనని సంఘమువారు తలపెట్టినారు. ప్రతి నుంచు పద్ధతులు ముఖ్యముగా రెండు. వ్రాసినది ప్రతిలోను చేరినదని కబురు వచ్చిన పిదపనే పని ముగిసినదనుట మొదటిది. ముందే ముగిసినదని చెప్పి, ప్రతికి వెనుకనుండి పంపుట రెండవది. రెండవదానిలో వేగము కలదు. కాని నడుమ అసలు చెడినచో తుది వ్రాతలు పోవును.

2018 అక్టోబరు 21న అమెరికాలోని గిట్‌హబ్ సంస్థకు జరిగినది వినుడు. తూర్పు తీరపు ముఖ్య కేంద్రముతో సంబంధము 43 సెకండ్లు మాత్రమే తెగినది. అది చూచి యంత్రమే పడమటి తీరపు ప్రతిని అసలుగా నిలిపినది. తూర్పున వ్రాసిన కొన్ని పంక్తులు అప్పటికి పడమటికి చేరలేదు. పడమట క్రొత్తవి పడినవి. ఒకదానిలోనివి వేరొకదానిలో లేవు! సరిచేయునంతలో 24 గంటల 11 నిమిషములు సేవ కుంటుపడినది.

క్షణక్షణము వేలకొలది వ్రాతలు వచ్చు సంస్థలు వేగమును కోరుట తప్పని మేమనము. మనకంత రద్దీ లేదు. బిడ్డ మాతృభాష తెలుగని తెలుపు పంక్తి యొక్కటి పోయినచో, రేపు ధ్రువపత్రమునకు ఎవరి గుమ్మము తొక్కుదుము? మేము మొదటి పద్ధతినే కోరుచున్నాము. అయితే ప్రవేశములనాడు లైను తెగినచో వ్రాతయే ఆగును. మీరు వరుసలో వేచియుండవలసి వచ్చును. ఇందుకు సమ్మతింతురా?

అసలున పొరపాటున కొట్టివేసినది ప్రతిలోను కొట్టివేయబడును. కావున పాత రిజిస్టర్ల బీరువా తాళము మాయొద్దనే యుండును.